ఆదివారం తీసిన ఫొటో

పొద్దున్నే తాళం తీయబోతే షెడ్డు తలుపు మీద నోటీసు కనబడింది. లేతు మిషన్ మీద ఇనుప కడ్డీలు చెక్కుతూ ఇరవై రెండేళ్లుగా ఇల్లు నడుపుతున్న ఆవిడకి అది చదవగానే ఒళ్లు మండిపోయింది. కొత్త టెక్నాలజీ పార్కు కోసం ఈ వీధిలో నలభై షెడ్లూ కూల్చేస్తారట. ఎందుకయ్యా అంటే, "ఖాళీ షెడ్లు. పని జరగడం లేదు." కింద సంతకం ఎవరిదో కాదు, సొంత కూతురిది!

నగర ప్రణాళిక ఆఫీసులో మా అమ్మాయికి ఉద్యోగమని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయిన తల్లి ఆవిడ. నోటీసు పీక్కుని విసవిసా ఇంటికొచ్చింది. కూతురు టిఫిన్ తింటోంది.

"మేం ఖాళీగా ఉన్నామటే? కళ్లు నెత్తికెక్కాయా నీకు?"

కూతురు తినడం ఆపేసింది. "పైనుంచి తీసిన ఫొటోలమ్మా. ఆదివారం తీశారు. బళ్లు లేవు, మనుషులు లేరు. ఖాళీ అని రాసుకొచ్చారు."

"ఆదివారం మీ ఆఫీసూ ఖాళీయేగా! ముందు దాన్ని కూల్చమను!"

"ఊరవతల ఒక్కొక్కరికీ ఒక్కోచోట స్థలం ఇస్తారు కదా."

"ఏం చేసుకోను? నేను చెక్కిన ముక్కకి పక్క షెడ్డాయన పూత వేస్తాడు, ఎదురు షెడ్డావిడ పాలిష్ పెడుతుంది. సాయంత్రానికల్లా సరుకు తయారు. తలో దిక్కుకి పోతే ఎవడొస్తాడు మా దగ్గరికి? అవతల వీధిలో మూతబడ్డ మిల్లు పదేళ్లుగా పాడుబడి ఉంది. రోడ్డుంది, నీళ్లున్నాయి, కరెంటుంది. అక్కడ కట్టుకోలేరూ?"

"మిల్లు జోలికి వెళ్లొద్దని పైవాళ్లు ముందే చెప్పారు. కాదంటే నా ఉద్యోగానికే ఎసరు."

తల్లి గొంతు తగ్గించింది. "మన వీధని నీకెప్పుడు తెలిసింది?"

"సంతకం పెట్టేటప్పుడే."

తల్లికి ఏడుపు రాలేదు, కోపమే రెట్టింపయింది. "నిన్నింతదాన్ని చేసింది ఆ ఖాళీ షెడ్డేనే!" అనేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

పదకొండు దాటాక మిషన్ హోరులో ఎవరో పిలిచినట్టయింది. గుమ్మంలో కూతురు. చేతిలో సర్వే కాగితాలు. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"నా సంతకం చెల్లదని ఆఫీసులో రాసిచ్చి వచ్చాను. షెడ్డు షెడ్డుకీ తిరిగి మళ్లీ రాయాలి. చెప్పమ్మా, ఇక్కడ ఏం పని జరుగుతుంది?"

"నీకు తెలీదూ?"

"తెలుసు. తెలిసీ రాయలేదు."

తల్లి మిషన్ ఆపింది. దగ్గరకి తీసుకోవాలనే ఉంది, కానీ కోపం పూర్తిగా చల్లారలేదు. చేతుల నూనె తుడుచుకుని స్టూలు ముందుకు లాగింది.

"కూర్చో," అంది కళ్లు ఒత్తుకుంటూ. "రాసుకో. ఒక్కటీ వదలకు."