సుంకమ్మ అడిగిన నిలకడ

సుడి యంత్రం గిరగిర తిరిగి సద్దుమణిగాక మూత దానంతటదే తెరుచుకుంది. సుంకమ్మ లోపలికి చెయ్యి పెట్టి అల్యూమినియం రెక్కను తీసి వెలుతురుకు పట్టింది. చింతాకు మందాన ఉంది. ఎక్కడా వంకర లేదు, కత్తి నడిచిన జాడ కంటికి ఆనలేదు. అంచును బొటనవేలితో నిమిరి చూసింది.

"బాగుండాది," అన్నది.

ఆ మాట ఆమె నోట రావడం అరుదు. పక్కనున్న తమ్ముడు మద్దిలేటి ముఖం విప్పారింది.

అవతల నిలకడ యంత్రం మీద అలాంటిదే ఇంకో రెక్క ఇంకా సగంలోనే ఉంది. కత్తి సన్నటి గోడ దగ్గరకు వచ్చేసరికి రేకు అదిరి కీచుమంది. మద్దిలేటి ఆ శబ్దానికి పళ్ళు గిట్టకరిచి, వెళ్ళి దాన్ని ఆపేశాడు.

ఏ షాపుకు ఏ యంత్రమో లెక్కగట్టే సమతూకం ఈ రెండింటినీ పొద్దున పంపింది. చూసి ఎంచుకోవాలి, షాపుకు ఒకటే. రెండోది చీకటి పడేలోగా వెనక్కి పోవాలి. దాని తరఫున వచ్చిన తూనికదారు ఖాజామియా వాకిట్లో స్టూలు మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. ఆయన మెడలో సమతూకం వినే, పలికే గొంతుపెట్టె వేలాడుతోంది.

"ఇంక చూసేదేముండాది సుంకమ్మా? వీధంతా సుడే తీసుకునింది. నువ్వూ సుడే తీసుకుంటావని సమతూకం ముందే రాసేసింది. ఒక్క 'ఊ' అంటే నా దావన నేను పోతా."

"రాసేసినాక నన్నడిగేదెందుకు ఖాజన్నా?"

"మర్యాదకు."

అంతలో వాకిట్లో తోపుడుబండి ఆగింది. గుట్ట మీద నాపరాయి కోసుకునే ఉరుకుందప్ప దాని మీద నుంచి పోత ఇనుప గేరుపెట్టెను రొమ్ముకు ఆనించుకుని దించాడు. ఒంటి నిండా తెల్లటి బండపొడి.

"బేరింగ్ గూడు లొడలొడ అంటాంది. రంపం నిలబడి కోయడంల్యా. ఏ బండ పెట్టినా నడిమికి పగులుతాది," అన్నాడు.

సుంకమ్మ గేరుపెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. ఏ కాలంలో పోసిందో తెలియదు. అరిగిన గూటికి ఉరుకుందప్పే వెల్డింగు పెట్టించి తెచ్చాడు. గడ్డలు గడ్డలుగా ఉంది. దాన్ని చెక్కి గుండ్రంగా, సరిగ్గా బేరింగ్ పట్టేంతగా చేయాలి.

ముందు సుడిలో పెట్టింది. సుడి ఎర్రదీపం వెలిగించి ముక్కను ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

"లోహజాతకం లేదు," అని మూత వేసుకోకుండా నిలబడిపోయింది.

మద్దిలేటి మీట ఇంకోసారి నొక్కాడు. అదే జవాబు.

"అది పట్టదు మద్దిలేటీ," అన్నాడు ఖాజామియా. "పుట్టుక తెలిసిన దిమ్మెనే కోస్తాది. దాన్ని తిట్టేదానికీ ల్యా. ఆ వేగంలో సన్నకత్తి పోయి వెల్డింగు గడ్డకు తగిలితే పెంకులై మూత పగలగొట్టుకోని మీదికొస్తాది."

"మరి ఈయన రంపం?"

"కొత్త రంపం అద్దెకిస్తారు."

ఉరుకుందప్ప నవ్వాడు. "ఇస్తారప్పా. దానికి ఏ గుట్ట కోయాలో గూడా వాళ్ళే చెప్పి పంపిస్తారు. మా గుట్ట వాళ్ళ పటంలో ల్యా. ఆ రంపం మా కాడికొస్తే పెండ్లికొడుకు మాదిరి కూకుంటాది, తిరగదు."

సుంకమ్మ నిలకడ బల్ల మీది సగం రెక్కను విప్పేసి, గేరుపెట్టెను అక్కడికి మార్చి బిగించింది. ఆ షాపులో ఒక అలవాటుంది. తొలి చెక్కు పడేటప్పుడు ముక్క తెచ్చిన మనిషి బల్ల అంచున అరచెయ్యి ఆనిస్తాడు. యంత్రానికి దండం పెట్టడం కాదది. తన వస్తువు ఎక్కడ నొస్తున్నదో వాడినవాడి చేతికే ముందు తెలుస్తుందని సుంకమ్మ నాయన పెట్టిన పద్ధతి. ఉరుకుందప్ప చెయ్యి ఆనించాడు. లావుపాటి కత్తి నిదానంగా తిరిగి ఇనుమును తాకింది.

"అట్ట గాదు, ఎడమకు కొట్టుకుంటాంది," అన్నాడు కాసేపటికి.

ఆమె గుండీని వెనక్కి తిప్పి నడక తగ్గించింది. గడ్డ తగిలినప్పుడల్లా యంత్రం గుర్రుమంటోంది కానీ ఆగడం లేదు. నల్లటి రజను బల్ల మీద రాలుతోంది.

మద్దిలేటి అక్కను నీళ్ళ డ్రమ్ము దగ్గరకు పిలిచాడు.

"ఉరుకుందప్పకు నేను పగోణ్ణి గాదక్కా. ఆయప్ప ఎప్పుడో ఒకసారి వస్తాడు. రెక్కల పని దినామూ వస్తాది. సుడి లేని షాపుకు ఆ పని ఇయ్యరు. ఈ మొద్దును పెట్టుకోని ఏం తినాల మనం? రజనా?"

"నువ్వు చెప్పేది నిజమే."

"మరి?"

"నిజమే అంటాండా."

మద్దిలేటి తల పట్టుకున్నాడు. అక్క 'నిజమే' అన్నదంటే ఒప్పుకున్నట్టు కాదని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఖాజామియా టీ గ్లాసు కింద పెట్టి దగ్గరకొచ్చాడు. గొంతు తగ్గించాడు. "చెప్పకుంటే తప్పయితాది. ఈ లోయలో నిలకడ అడిగినోళ్ళు ఇంతవరకు ఒక్కరూ ల్యా. నువ్వూ అడక్కపోతే దాని కత్తులు చేసే కార్ఖానా మూసేస్తారు. ఒక్కరు అడిగినా మూసేదానికి లేదు. అయితే సమతూకం లెక్క తప్పినట్టయితాది. అప్పుడు వీధిలో యంత్రాలన్నీ ఆపి, అందరినీ మొదట్నుంచి అడగాల. రూలు అట్లుండాది. ఇంతవరకు ఎవరూ లెక్క తప్పించలేదు."

"వీధి ఆగిందంటే మనల్ని తంతారక్కా," అన్నాడు మద్దిలేటి.

సుంకమ్మ చేతులు గుడ్డకు తుడుచుకుంది. నిలకడ మీద గేరుపెట్టె సగం గూడు తెల్లగా మెరుస్తోంది, సగం ఇంకా గడ్డకట్టి ఉంది. ఖాజామియా మెడలోని పెట్టెను తన వైపు తిప్పుకుంది.

"నిలకడ," అన్నది.

పెట్టెలోంచి సమతూకం గొంతు వచ్చింది.

"కారణం చెప్పండి. వయసా? అనారోగ్యమా? చోటు చాలదా? కరెంటు చాలదా?"

"అవేం గాదు."

"సుడి బాగుందని మీరే అన్నారు."

"అన్నా. బాగుండాది. బాగుండేదాన్నంతా తెచ్చి ఇంట్లో పెట్టుకోవాల్నా? నా వాకిలి తొక్కే ఇనుముకు నీ సుడి పుట్టుక అడుగుతాంది. మా షాపులో ముక్కనూ అడగం, తెచ్చినోణ్ణీ అడగం."

"కారణం నమోదు కాలేదు."

"నాకు కావాల. అది రాసుకో."

ముందు ఎదురు షాపులో సుడి ఆగింది. తర్వాత దాని పక్కది. వీధి చివరిదాకా ఒకదాని వెంట ఒకటి కూత తగ్గించుకుంటూ ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ ఆ కూత కింద అణిగి ఉన్న శబ్దాలన్నీ పైకొచ్చాయి. ఎవరో దగ్గారు. గుట్ట మీద సమ్మెట దెబ్బ వినిపించింది.

జనం చేతుల్లో పనిముట్లతోనే బయటికొచ్చారు. ఎదురు షాపు దస్తగిరి అందరికంటే ముందు ఉరికాడు.

"ఎవర్రా లెక్క తప్పించింది? నువ్వేనామ్మే సుంకమ్మా? నీ కొంపలో దున్నపోతును కట్టేసుకో, ఎవరొద్దన్నారు? నడిమిట్లో మా పనెందుకు ఆపుతావ్?"

మద్దిలేటి అక్కకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "మా యక్కే అడిగింది. నేను గూడా వొద్దంటి. అయినా అడిగింది. ఏం జేస్తావ్ చెప్పు?"

దస్తగిరి చెయ్యి ఎత్తేలోపల వీధి స్తంభం మీది సమతూకం కొమ్ము పలికింది.

"దస్తగిరి గారి షాపు. సుడి కావాలా, నిలకడ కావాలా?"

అతను చెయ్యి దించి కొమ్ము వైపు చూశాడు. సుడి వచ్చిన రోజున అతనితో 'ఊ' అనిపించుకున్నారే తప్ప, ఏది కావాలని ఎవరూ అడగలేదు. తన షాపులోకి సుడి ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకోబోయాడు. వెనక్కి తిరిగి లోపలికి చూశాడు. సుడి పక్కన మూలకు తోసేసిన అది కోయనన్న పాత మోటారు పెట్టెలు తుప్పు పట్టి గుట్టగా పడున్నాయి. అవి తెచ్చిన వాళ్ళు తిరిగి తిరిగి రావడం మానుకున్నారు.

"ఏదో ఒకటి చెప్పన్నా, పని పోతాంది," అన్నారెవరో వెనకనుంచి.

"నువ్వుండు!"

"సుడి కావాలా, నిలకడ కావాలా?" అన్నది కొమ్ము మళ్ళీ.

"ఉండప్పా," అన్నాడు దస్తగిరి. "ఆలోచన చేసుకోనీ."

ఖాజామియా గొంతుపెట్టెను పైకెత్తి చూసుకున్నాడు. అందులో సుడికొక దీపం, నిలకడకొక దీపం ఉన్నాయి. రెండూ వెలగలేదు. ఆలోచన చేసుకునేవాళ్ళకంటూ మూడోది లేదు. కొమ్ము ఇంకోసారి అడగబోయి మధ్యలోనే ఆగింది.

దస్తగిరి తన షాపు అరుగు మీద చతికిలబడి బీడీ ముట్టించాడు. పక్క షాపువాళ్ళు ఒక్కొక్కరే అతని చుట్టూ చేరారు. మాటలు మొదలయ్యాయి. సమతూకం కాచుకుంది.