దిగేటప్పుడు గేరు తీసేయండి

"రేపు నీ భార్యకు పెళ్ళి," అన్నాడు చీఫ్. "కారు నువ్వు తోలాలి."

ఏజెంట్ తాళం ఏమీ అనలేదు. ఆ పేరు ఆఫీసు పెట్టింది. ఎలాంటి తాళమైనా తీస్తాడని కొందరు, నోరు మాత్రం తీయడని కొందరు చెప్పుకునేవారు. రెండూ నిజమే.

చీఫ్ టేబుల్ మీద రెండు ఫోటోలు పెట్టాడు. ఒకటి ఏజెంట్ అత్తరుది. ఆ మనిషి గదిలోకి రాకముందే వాసన వస్తుంది. వెళ్ళిపోయాక కూడా పోదు. రెండోది ఏజెంట్ సూదిది. సన్నగా, మెరుస్తూ ఉంటుంది. ఎక్కడ గుచ్చిందో గుచ్చాక గానీ తెలియదు. ఆ సూది తాళం భార్య.

బ్రీఫింగ్ మొదలైంది. మన రాడార్ కోడ్లున్న చిప్ ఒకటి ఆఫీసులోంచి మాయమైంది. ఒక విదేశీ ముఠా దాన్ని కొనబోతోంది. చిప్ చేతులు మారేది పరాయి దేశంలో, ఒక కొండ దారిలో. ఆ దారి మొదట్లో పెట్రోలు బంకు ఉంది. దాని యజమానికి ఫైళ్ళలో సలహాల తాత అని పేరు. కార్లేసుకుని దేశం చూడటానికి వచ్చే టూరిస్టులకు దారి సంగతులన్నీ ఊరికే చెబుతాడు. అన్నీ పనికొచ్చే మాటలే. ముఠా మనిషి వచ్చినప్పుడు మాత్రం మధ్యలో ఒక తప్పు సలహా కలుపుతాడు. ఆ తప్పే కోడ్. పట్టుబడిన ఒకడు ఇంతవరకే చెప్పాడు.

అత్తరు, సూది కొత్తగా పెళ్ళైన టూరిస్టుల్లా వెళ్ళి ఆ తాత గుట్టు పట్టాలి. అది కాగితం మీది మిషన్.

"అసలు మిషన్ నీది," అన్నాడు చీఫ్. "చిప్ తీసింది ఆ ఇద్దరిలో ఒకరు. ఎవరో నాకు తెలియదు. ఈ ప్రయాణంలోనే అమ్మేస్తారు. అది చెయ్యి మారేలోగా నువ్వు పట్టుకోవాలి."

తాళం కాసేపటికి నోరు విప్పాడు. ఆ మొగుడి వేషమేదో తనకే ఇవ్వచ్చు కదా అన్నాడు.

"నీ మొహం హనీమూన్‌కి వచ్చినవాడిలా ఉండదోయ్. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడిలా ఉంటుంది." చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "పైగా కుళ్ళుకునేవాడికి కునుకు పట్టదు. నీకంటే మంచి కెమెరా నా దగ్గర లేదు. వెళ్ళు. సూది కోసం సోదికెళ్ళినట్టు కాకుండా చూసుకో."

సామెతలో రెండో సగం చీఫ్ చెప్పలేదు. పాత రంకు బయటపడటం ఆ రెండో సగం. అది తాళానికి దారి పొడుగునా గుచ్చుకుంటూనే ఉంది.

కారు అద్దెకిచ్చే ఆఫీసులో కౌంటరు దగ్గరి అమ్మాయి తాళంచెవి ఇస్తూ జాగ్రత్తలు చెప్పింది. పట్టపగలైనా హెడ్‌లైట్లు వేసుకోవాలి. టోల్ స్టిక్కరు అద్దానికి లోపలివైపు అంటించుకోవాలి. కొండల్లో ఫోన్ మ్యాపును నమ్మితే గొర్రెలు నడిచే బాటకు తీసుకుపోతుంది. సన్నటి దారిలో ఎక్కే బండిదే ముందు, దిగే బండి ఆగాలి. దిగేటప్పుడు బ్రేకు మీద ఆధారపడకుండా చిన్న గేరులో దిగాలి. చూపు రోడ్డు మీద నుంచి తియ్యకూడదు. తాళం అన్నీ శ్రద్ధగా విన్నాడు. అత్తరు వినలేదు. అతను సూది మెడలో స్కార్ఫు సర్దుతున్నాడు.

ఆ దేశంలో బండి రోడ్డుకి కుడివైపు నడపాలి. స్టీరింగు ఎడమవైపు. ఇండికేటరు ఉండాల్సిన చోట వైపరు మీట ఉంది. మలుపు వచ్చినప్పుడల్లా తాళం అలవాటు కొద్దీ వైపరు వేశాడు.

"మన డ్రైవరుకి ఎండలో వాన కనిపిస్తోంది," అన్నాడు అత్తరు వెనక సీట్లోంచి. సూది నవ్వింది.

ఆఫీసు చాలా గాడ్జెట్లు ఇచ్చింది. కెమెరా ఉన్న బొత్తాం, రేడియో ఉన్న పెన్ను, చెప్పు మడమలో కత్తి. కారు నడుపుతూ తాళం వాడింది ఒక్కటే. వెనక అద్దం.

అందులో అన్నీ కనిపించాయి. అత్తరు తన కోటు విప్పి సూది భుజాల మీద కప్పడం. ఆమె అందులో ఒదిగి కూర్చోవడం. అత్తరు చూపు పదే పదే ఆ కోటు గుండీల దగ్గరికి పోవడం. ఆ చూపుకి తాళం తనకు తోచిన అర్థం చెప్పుకుని పళ్ళు నూరాడు.

"అన్నయ్యా, ఏసీ కొంచెం తగ్గించండి," అంది సూది.

కట్టుకున్న భార్య అన్నయ్యా అంటే మొహం ఎలా పెట్టాలో ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు. తాళం ఏసీ తగ్గించాడు. ఆ తర్వాత ఆమె పక్కకు తిరిగి, "ఏమండీ, అటు చూడండి, ఆ వాగు ఎంత బావుందో," అంది అత్తరుతో. అది ఇంకా ఘోరం. పెళ్ళైన కొత్తలో ఆ మాట వినడానికి తాళం పక్కగదిలో ఉండి కూడా వినపడనట్టు ఊరుకునేవాడు, రెండోసారి పిలుస్తుందని. ఇప్పుడు ఇంట్లో పిలుపు "ఇదిగో" దాకా దిగిపోయింది. ఏమండీ మాత్రం ఊరివాళ్ళ పాలైంది.

దారిలో లాడ్జి దిగారు. కొత్త దంపతులకు ఒకే గది. సూది మంచం మీద, అత్తరు కుర్చీలో పడుకోవాలని ఆఫీసు రూలు. తాళం కార్లో పడుకున్నాడు. పడుకున్నాడంటే మాటవరసకే. తెల్లారి అత్తరు మెడ పట్టేసి, ఒక పక్కకి వాలి నడిచొచ్చాడు. అది కుర్చీలో పడుకున్న మెడ. ఆ దేశం వచ్చాక తాళం మొహం విప్పారడం అదే మొదటిసారి.

బంకు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. సలహాల తాత తెల్లటి గడ్డం, నవ్వు మొహం. పెట్రోలు కొడుతూనే అత్తరుకి ఇంగ్లీషులో దారి చెప్పడం మొదలుపెట్టాడు. తాళం తడిగుడ్డతో ముందు అద్దం తుడుస్తూ చెవి అటు పడేశాడు. సూది కార్లోనే ఉంది.

తాత మాటలు వరసగా నడిచాయి. కొండ మీద బంకులు లేవు, ట్యాంకు నింపుకోండి. చీకటి పడితే పైన గేటు మూసేస్తారు. వంతెన మీద ఫోటోలకని ఆగకండి. ఎక్కే బండి పక్కకు తీసి ఆగాలి, దిగే బండికి దారివ్వాలి.

తాళం చేతిలో గుడ్డ ఆగింది. అదే తప్పు. కౌంటరు అమ్మాయి చెప్పినదానికి తలకిందులు. అంటే ఎక్కే దారిలో పక్కకు తీసి ఆగే చోట, పై నుంచి వచ్చే బండికి చిప్ అందుతుంది. కోడ్ విడిపోయింది. తాళం మొహంలో ఏమీ కనపడలేదు.

సరిగ్గా అప్పుడే కార్లోంచి పిలుపు.

"ఏమండీ."

తాళం తల గిర్రున తిరిగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. తిరిగాక గానీ తాను డ్రైవరునని గుర్తు రాలేదు. అత్తరు తిరగలేదు. మెడ పట్టేసి ఉంది. పైగా ధ్యాసంతా తాత మాటల మీద ఉంది.

తాతకి తెలుగు రాదు. అక్కర్లేదు కూడా. మాట అర్థం కాకపోయినా తిరిగిన తల అర్థమవుతుంది. పెళ్ళాం పిలిస్తే మొగుడు కదలలేదు, డ్రైవరు కదిలాడు.

సూది మంచినీళ్ళ సీసా అడిగింది. గొంతు ఏదోలా ఉంది. తాత నవ్వు చెదరలేదు. పైపు తిరిగి తగిలించి అత్తరు దగ్గరగా వచ్చాడు.

"ఇంకొక్క మాట," అన్నాడు. "దిగేటప్పుడు గేరు తీసేయండి. బండి తనంతట తానే పోతుంది."

అత్తరు నవ్వాడు. కార్లో సూది కూడా నవ్వింది.

రెండో తప్పు సలహా ఎవరి గురించో తాళానికి తెలిసింది. కొండ మీద నుంచి కారు తనంతట తానే దిగాలి, అందులో డ్రైవరుండాలి. ఎవరికి చెప్పాడో మాత్రం తెలియలేదు. ఇద్దరూ నవ్వారు కదా.

కొండ ఎక్కుతున్నంతసేపూ అద్దంలోనే చూశాడు. మనసు ఎప్పుడో తేల్చేసింది, దొంగ అత్తరే అని. అందుకే మనసు మాట నమ్మబుద్ధి కాలేదు. వాడి మీద కడుపుమంటతో సూదిని వదిలేస్తే దేశం మునుగుతుంది. ఆ భయంతో సూదిని అనుమానిస్తే కొంప మునుగుతుంది. అద్దంలో ఆమె వేళ్ళు కనిపించాయి. కోటు నడిమి గుండీని పట్టుకుని ఉన్నాయి. వదలడం లేదు. అత్తరు చూపు కూడా అక్కడే ఉంది. నిన్నటి నుంచీ అక్కడే.

ఆ చూపు ఆడదాని మీది చూపు కాదు. సరుకు మీది చూపు.

చిప్ గుండీలో ఉంది. అదెక్కడుందో ఇద్దరికీ తెలుసు. మరి ఇద్దరూ ఒకటేనా?

మలుపు దాటగానే రోడ్డు పక్కన బండి తీసి నిలిపే జాగా వచ్చింది. పై నుంచి బూడిదరంగు వ్యాను దిగుతోంది.

"పక్కకు తియ్," అన్నాడు అత్తరు.

"ఎక్కే బండిదే ముందు," అన్నాడు తాళం.

మెడకు చల్లగా పిస్టలు తగిలింది. తాత ఏం చెప్పాడో గుర్తుంది కదా అన్నాడు అత్తరు. తాళం పక్కకు తీసి ఆపాడు.

అత్తరు కిందికి దిగాడు. సూదిని దింపాడు. ఆమె భుజాల మీది కోటు తీసి ఎడమచేతి మీద వేసుకున్నాడు. కుడిచేతిలో పిస్టలు తాళం కిటికీకి గురిపెట్టే ఉంది. వ్యాను లోంచి పొట్టి మనిషొకడు దిగి చెయ్యి చాచి నిలబడ్డాడు.

"సూదీ, నువ్వు నాతో వస్తావా, మీ ఆయనతో దిగుతావా?" అన్నాడు అత్తరు.

"దిగడం నాకు పడదు. కళ్ళు తిరుగుతాయి," అంది సూది. మొగుడి వైపు చూడలేదు. అత్తరు వెనకగా నడిచి వ్యాను పక్కన నిలబడింది.

తాళానికి పిస్టలంటే భయం లేదు. ఆ నాలుగు అడుగులే లోపల ఏదో తెంపేశాయి.

"గేరు తియ్. హ్యాండ్ బ్రేకు దించు."

తాళం దించాడు. కారు మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక గట్టు, గట్టు కింద లోయ. అత్తరు చేతి మీది కోటు పొట్టి మనిషి చేతి మీదికి మారుతోంది.

"ఏమండీ."

పాత గొంతు. పెళ్ళైన కొత్తలో రెండోసారి పిలిచే గొంతు. తాళం మెడ నరాలు వాటంతట అవే లాగాయి. బంకు దగ్గర తిరిగినందుకే కదా ఇంతవరకూ వచ్చింది. ఈసారి తిరగలేదు. చూపు పిస్టలు మీదే ఉంచాడు.

తిరిగింది అత్తరు. రెండు రోజులుగా విని విని ఆ పిలుపు వాడికి ఒంటబట్టేసింది. మెడ తిరగదు కాబట్టి మనిషంతా తిరిగాడు. మనిషితోపాటు పిస్టలూ తిరిగింది.

తాళం స్టీరింగు గిర్రున తిప్పి, హ్యాండ్ బ్రేకు లాగి తలుపు తన్నాడు. తలుపు వెళ్ళి అత్తరు మోచేతిని కొట్టింది. పిస్టలు కిందపడింది. అది నేల తాకీ తాకకముందే సూది చేతిలో ఉంది. పొట్టి మనిషి కోటు వదిలేసి వ్యానెక్కబోయాడు. ఎక్కినా లాభం లేదు. జారిన కారు రోడ్డుకి అడ్డంగా నిలిచింది. దాని వెనక చక్రం కింద గట్టు మట్టి రాలుతోంది.

తాళం కోటు నడిమి గుండీ తిప్పాడు. ఎలాంటి తాళమైనా తీసే వేళ్ళు. మూత ఊడింది. లోపల గోరంత చిప్.

అత్తరు మోచెయ్యి పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

"నువ్వు పిలిచింది నన్నే కదా?"

"నేను పిలిచానంతే," అంది సూది. "తిరిగింది నువ్వు."

పెన్ను రేడియో పని చేసింది. ఆ దేశపు పోలీసులు వచ్చి ఇద్దరినీ తీసుకుపోయారు. బంకు దగ్గర సలహాల తాతను కూడా ఎక్కించుకున్నారు. జీపులో కూర్చుని కూడా ఆయన నోరు ఊరుకోలేదు. వంపులో చిన్న గేరు వెయ్యమని పోలీసు డ్రైవరుకి చెప్పాడు. ఆ సలహా నిజమైనదే.

తిరుగుదారిలో సూది ముందు సీట్లో కూర్చుంది. వెనక సీటు ఖాళీ. అయినా అత్తరు వాసన వస్తూనే ఉంది. తాళం నాలుగు అద్దాలూ దించాడు.

కొంతదూరం పోయాక అడిగాడు. "బంకు దగ్గర ఎవర్ని పిలిచావు?"

ఆమె కోటు సంగతి ఎత్తింది. గుండీ ఒకటి బరువుగా తగిలిందట. ఊరికే తిప్పి చూసిందట. లోపల చిప్. ఆ కోటు ఎవరిదో, పక్కన ఎవరితో కూర్చుందో అప్పుడు తెలిసిందట.

"భయమేసింది," అంది. "వేషం మర్చిపోయాను."

"అంటే?"

"అంటే ఏముంది. మొగుణ్ణి పిలిచాను."

తాళం ఒక మలుపు తిప్పాడు. ఎండలో వైపర్లు ఊగాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నన్ను కూడా అనుమానించారా?" అంది.

తాళం మాట్లాడలేదు. నోరు తీయనివాళ్ళతో ఇదే సుఖం, అబద్ధమైనా ఆడరు అని ఆమె కిటికీ వైపు తిరిగింది. చాలాసేపు అటే చూసింది. లోయ, వాగు, వంతెన అన్నీ వెనక్కి పోయాయి.

"ఆ అన్నయ్య మాట మాత్రం బాలేదు," అన్నాడు తాళం చివరికి.

కిటికీ వైపున్న భుజాలు మెల్లగా కదిలాయి. నవ్వుతోందని అర్థమైంది.

"ఏమండీ," అంది.

దిగేటప్పుడు చూపు రోడ్డు మీద నుంచి తియ్యకూడదని అక్కడివాళ్ళ సలహా. తాళం తిరిగి చూశాడు.

గేరు మాత్రం తియ్యలేదు.