పెద్ద కంపెనీ, చిన్న కంపెనీ, లీల ఆంటీ మోకాలు

"ఆ విమానాలు నడపనిది మీరేనా?"

ఫేబీ నాతో మాట్లాడిన మొదటి మాట ఇది. డార్విన్ బస్ డిపోలో, వాచిపోయిన కాళ్ళతో, నలిగిపోయిన చుడీదార్‌తో, సూట్‌కేసు మీద కూర్చుని అడిగింది.

హాస్పిటల్‌కి కొత్త నర్సు వస్తోందనీ, మన నరసాపురం పిల్లేననీ, వెళ్ళి తీసుకురమ్మనీ మా అమ్మ పంపితే వెళ్ళాను. మీరేం చేస్తుంటారని ఆ అమ్మాయి మర్యాదకి అడిగింది. పైలట్‌నని కాస్త ఛాతీ విరిచి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

అది 1989 సెప్టెంబరు. దేశంలో విమానాలు నడిపేవాళ్ళం దాదాపు అందరం జీతాల గొడవలో ఒక్కసారే ఉద్యోగాలు మానేసి కూర్చున్నాం. ఫేబీ సిడ్నీలో దిగి, దేశానికి ఆ కొసనున్న డార్విన్‌కి ఫ్లైట్ దొరక్క, ఎర్రమట్టి తప్ప ఏమీ కనపడని దేశమంతా బస్సులో దాటి వచ్చింది. దారి పొడుగునా ఎవర్ని తిట్టుకుంటూ వచ్చిందో ఇక చెప్పక్కర్లేదు.

"మేం స్ట్రైక్ చెయ్యలేదండీ. రిజైన్ చేశాం," అన్నాను.

"తేడా ఏంటి?"

"స్ట్రైక్ అయితే తర్వాత ఉద్యోగం ఉంటుంది."

ఆమె నావైపు ఒక్క క్షణం చూసింది. తర్వాత పెదవి కొరుక్కుంది, నవ్వు ఆగలేదు. "ఇంత తెలివైన ఐడియా ఎవరిదండీ?" అంది.

సూట్‌కేసు ఎత్తి డిక్కీలో పెట్టాను. అందులో రుబ్బురోలు ఉందేమోనని అనుమానం వచ్చింది. కారు ఊళ్ళోనే ఉన్న నైట్‌క్లిఫ్ పేట దాటేసరికి నాకు ఆమె మీద మనసు పడిపోయింది. ఇందులో దాచేదేం లేదు. తిట్టించుకుని మరీ ప్రేమలో పడ్డ వెర్రివాణ్ణి నేను.

మాది బాపట్ల. మా నాన్న విలియం ఇంజినీరు. డెబ్భై నాలుగులో తుఫాను డార్విన్‌ని తుడిచేశాక ఇళ్ళు కట్టడానికి మనుషులు కావాలంటే వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అమ్మ మరియరాణి వంటలకీ ప్రార్థనలకీ ఊళ్ళో ఉన్న పిడికెడు తెలుగువాళ్ళకీ పెద్దదిక్కు. నేను స్టీఫెన్‌ని, అందరికీ స్టీవ్‌ని. అప్పటికి ఇరవై ఏడేళ్ళు, ఉద్యోగం లేదు, అమ్మ వండిందే తిండి.

అక్టోబరులో గల్ఫ్ నుంచి కబురొచ్చింది.

ఆ ప్రాంతంలో ఒకరంటే ఒకరికి పడని రెండు విమాన కంపెనీలున్నాయి. పేర్లెందుకులెండి, మా ఇంట్లో పెద్ద కంపెనీ, చిన్న కంపెనీ అనేవాళ్ళం. ఊరికే ఉన్న పైలట్ల కోసం రెండూ మనుషుల్ని పంపాయి. పెర్త్‌లో ఒకే హోటల్లో, ఎదురెదురు గదుల్లో కూర్చున్నారు. నేనూ వెళ్ళాను. ఒక గదిలోంచి బయటికొస్తుంటే రెండో గదివాడు తలుపు దగ్గరే నిలబడి, వాళ్ళేమిస్తామన్నారని అడిగేవాడు. అచ్చం మా ఊళ్ళో పక్కపక్క బట్టల కొట్లవాళ్ళే.

రెండూ నన్ను తీసుకుంటామన్నాయి. జీతాలు ఇంచుమించు ఒకటే. తేడా అంతా పెళ్ళానికిచ్చే సౌకర్యాల్లో వచ్చింది.

పెద్ద కంపెనీవాళ్ళు గోడ కట్టిన కాలనీలో విల్లా ఇస్తారు. సామాన్లు, ఏసీ, పిల్లల స్కూలు ఫీజు, ఏడాదికోసారి ఇంటిల్లిపాదికీ టికెట్లు అన్నీ వాళ్ళవే. కాకపోతే భార్య వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదని ముద్ర పడుతుంది. చిన్న కంపెనీవాళ్ళిచ్చేది రెండు గదుల ఫ్లాటు, భార్యకి మాత్రమే టికెట్, అంతే. కానీ ఆవిడ ఉద్యోగం చేసుకోవచ్చు. ఆ ఫ్లాట్లకి రెండు వీధుల అవతలే పెద్ద హాస్పిటల్ ఉందని వాళ్ళ మనిషి మాటవరసకి అన్నాడు. ఆ హాస్పిటల్ మాట దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

నాన్న విల్లా అన్నాడు. ఇళ్ళు కట్టే మనిషి కదా, ఆయనకి గోడలు కనిపిస్తే చాలు. అమ్మ, ముందు పెళ్ళి సంగతి చూడు, తర్వాత పెళ్ళాన్ని ఎక్కడ పెట్టాలో చూద్దువుగాని అంది. నేనేమో పెళ్ళి కాకుండానే భార్య ఉద్యోగం గురించీ, పుట్టని పిల్లల స్కూలు గురించీ బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. నవంబరు మొదటి శుక్రవారం పొద్దున్నకల్లా ఏదో ఒకదానికి ఫోన్ చేసి చెప్పాలి. ఆ రోజు దాటితే రెండు సీట్లూ వేరేవాళ్ళకి పోతాయి. ఖాళీగా ఉన్న పైలట్లకి ఆ రోజుల్లో కరువు లేదు.

అడగాల్సిన మనిషి ఫేబీయే. డార్విన్ రాకముందు ఆమె గల్ఫ్ హాస్పిటల్లో రెండేళ్ళు చేసింది. అయినా నోరెలా వస్తుంది? మా ఇళ్ళల్లో అబ్బాయి వెళ్ళి అమ్మాయిని నేరుగా అడగడు. పెద్దవాళ్ళ చేత చెప్పిస్తాడు. చెప్పించాలంటే ముందు ఆ అమ్మాయికి ఇష్టమో లేదో తెలియాలి. అది తెలియాలంటే ఆమెనే అడగాలి. ఇక్కడికొచ్చేసరికి నా బుర్ర తిరిగేది.

అందుకని చుట్టుదారిలో అడిగాను. ఒకరోజు మిండిల్ బీచ్‌లో సాయంత్రం మార్కెట్. ఇసకలో కూర్చుని ఇద్దరం నూడుల్స్ తింటున్నాం. సముద్రం మీద సూర్యుడు దిగుతుంటే జనం చప్పట్లు కొడుతున్నారు. రెండు కంపెనీలవాళ్ళు ఏమేం ఇస్తామన్నారో, ఆ హాస్పిటల్ మాటతో సహా, ఆమెకి చెప్పాను.

"అక్కడ పైలట్ భార్యకి ఎలా ఉంటుందండీ?" అన్నాను, సూర్యుణ్ణి చూస్తూ.

ఆమె ఫోర్కు ఆగింది. ఆవిడకి ఇంగ్లీషు వచ్చా అని అడిగింది. బాగా వచ్చన్నాను. ఉద్యోగం చేస్తోందా అంది. చేస్తోందన్నాను. మానేస్తుందా అంటే, అదే తెలియడం లేదన్నాను. ఇంకేముంది, ఇంతకంటే విడమరిచి ఎవడు చెప్తాడు అనుకున్నాను.

ఫేబీ నూడుల్స్ డబ్బా పక్కన పెట్టింది.

"అయితే పెద్ద కంపెనీకే వెళ్ళండి," అంది. "కొత్తగా పెళ్ళై వచ్చే అమ్మాయికి చుట్టూ నలుగురు ఉండాలి. ఫ్లాట్లో వదిలేసి మీరు ఎగిరిపోతే గోడలతో మాట్లాడుకుంటుంది. నేను చూశాను అలాంటివాళ్ళని."

"మీరైతే..." అని మొదలుపెట్టాను.

"నా డ్యూటీ టైమైందండీ," అని లేచిపోయింది. నూడుల్స్ సగం అలాగే ఉన్నాయి.

నేను అక్కడే కూర్చుండిపోయాను. వస్తానందా, రానందా? విల్లా కావాలందా? ఉద్యోగం మానేస్తానని చెప్పినట్టేనా? మరి ఎందుకలా లేచిపోయింది? నర్సింగ్ అంటే ప్రాణం పెట్టే మనిషి, ఉద్యోగం వద్దన్న కంపెనీకే వెళ్ళమంటుందేమిటి? ఏమీ అర్థం కాలేదు. ఆమె నూడుల్స్ కూడా నేనే తిన్నాను.

మర్నాటి నుంచి నేనామెకి 'బ్రదర్'ని అయిపోయాను. చర్చిలో అందరూ అందర్నీ అలాగే పిలుస్తారు, నిజమే. కానీ అంతకుముందు నేను 'స్టీవ్ గారు'. స్టీవ్ గారి నుంచి బ్రదర్‌కి దిగడమంటే ఏంటో అనుభవించినవాడికే తెలుస్తుంది.

జరిగిందేమిటో నాకు తర్వాత తెలిసింది. మీకు ఇప్పుడే చెప్పేస్తాను, నాలాగా మీరూ బుర్ర పాడుచేసుకోవడం ఎందుకు?

మా ఇంట్లో గురువారం గురువారం ప్రార్థన కూటం జరుగుతుంది. ఎవరికేం కష్టముందో ముందు చెప్పుకుంటారు, మనవులు అంటాం. కూటం నడిపే లీల ఆంటీ వాటిని తలా ఒకటి పంచుతుంది. ఎవరి మనవిని వాళ్ళే ప్రార్థించుకోకూడదు, పక్కవాళ్ళ కోసం చెయ్యాలి. కళ్ళు మూసుకుని, వరసలో, బిగ్గరగా.

నేను పెర్త్‌లో ఉన్న వారం, మా అబ్బాయికి గల్ఫ్ ఉద్యోగం, పెళ్ళి రెండూ కుదరాలని అమ్మ మనవి చెప్పిందట. మా కూటంలో ఒక మనవి బయటపడిందంటే ఇంటికెళ్ళేలోపు అది సగం నెరవేరిపోయినట్టే. వంటింట్లో గిన్నెలు కడిగేటప్పటికి లీల ఆంటీ, పిల్లది బాపట్లే అయ్యుంటుంది అందట. టీ గ్లాసులు తుడిచేటప్పటికి ఆ పిల్ల డాక్టరు. ఫేబీ ఆ గ్లాసులు తుడుస్తూ విన్నది. ఆ డాక్టరమ్మని మా అమ్మ కూడా ఎరగదు.

అంటే మిండిల్ బీచ్‌లో నేను ఫేబీ గురించి అడిగాను. ఫేబీ ఆ బాపట్ల డాక్టరు గురించి చెప్పింది.

ఇదేదీ తెలియకుండానే నేను ఆఖరి గురువారం దాకా వచ్చేశాను. మర్నాడు పొద్దున ఫోన్ చెయ్యాలి. ఉక్కపోత. మామిడికాయలు చెట్ల మీదే ఉడికిపోయేలా ఉన్నాయి. మబ్బులు కమ్ముకున్నాయి గానీ చినుకు పడటం లేదు. ఫ్యాన్ కింద గుండ్రంగా కూర్చున్నాం. నాకు కుడిపక్కన ఫేబీ.

లీల ఆంటీ మనవులు పంచింది. నాకు తన మోకాలి నొప్పి ఇచ్చింది. ఫేబీకి నా పెళ్ళి, నా ఉద్యోగం ఇచ్చింది.

కళ్ళు మూసుకున్నాం. ఫేబీ వంతు వచ్చింది.

"ప్రభువా," అంది, గొంతు స్థిరంగానే ఉంది. "స్టీవ్ బ్రదర్‌కి పెద్ద కంపెనీ ఉద్యోగం స్థిరపరచు. బాపట్ల నుంచి వచ్చే ఆ డాక్టరమ్మాయిని దీవించు. ఆ కాలనీలో ఆమెకి మంచి స్నేహితులు దొరకాలి. ఆయన ఫ్లైట్లో ఉన్నప్పుడు ఆమె ఒక్కతే అన్నం తినే రోజులు..." ఇక్కడ ఆగింది. "ఆ రోజులు తక్కువ చెయ్యి. ఆమేన్."

అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు. ఏ డాక్టరమ్మాయి? ఎక్కడి డాక్టరమ్మాయి? నా పక్కన ముక్కు ఎగబీల్చిన చప్పుడు సన్నగా వినిపించింది. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి, మిండిల్ బీచూ, సగం వదిలేసిన నూడుల్సూ, బ్రదరూ అన్నీ ఒక్కసారే.

లీల ఆంటీ నా మోచేతిని పొడిచింది. వంతు నాది.

"ప్రభువా, లీల ఆంటీ మోకాలు బాగు చెయ్యి," అన్నాను. "మెట్లెక్కే శక్తినివ్వు. ఇంకా... ఫేబీ ఇందాక అడిగిన దాంట్లో ఒక పొరపాటుంది. బాపట్ల డాక్టరెవరో నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కతే. బస్సులో వచ్చి నన్ను తిట్టింది. ఆమె లేకపోతే ఆ విల్లాలో నేను ఒక్కణ్ణే అన్నం తినాలి. రేపు పొద్దున ఏ కంపెనీకి ఫోన్ చెయ్యాలో, అసలు చెయ్యాలో వద్దో ఆమే చెప్పాలి. ఆమెకి ఇష్టం లేకపోతే ఆ మాటైనా నాకు తెలియనివ్వు."

ఆమేన్ మాత్రం అనలేదు. నేను ముగించకపోతే ఎవరూ కళ్ళు తెరవకూడదు. అదొక్కటే నాకు కాస్త ధైర్యం. నాన్న దగ్గాడు. అమ్మ వైపు నుంచి కుర్చీ కిర్రుమంది. రేకుల కప్పు మీద మొదటి చినుకులు టపటపమన్నాయి. ఆ సీజన్‌లో మొదటి వాన. సంతోషించే స్థితిలో నేను లేను.

అప్పుడు వరస తప్పించి, తన వంతు కాకుండానే, ఫేబీ గొంతు విప్పింది.

"ప్రభువా, ఇందాక నేను అడిగినదాన్ని పట్టించుకోకు. అది వేరే అమ్మాయి కోసం అడిగాను." వాన హోరులో ఆమె కాస్త గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "పెద్ద కంపెనీ వద్దు. విల్లా వద్దు. చిన్న కంపెనీ ఇప్పించు. ఆ ఫ్లాటు చాలు. హాస్పిటల్ రెండు వీధులేనట కదా, నేను నడిచి వెళ్ళగలను. ఆయన ఇంట్లో లేని రోజు నైట్ డ్యూటీ వేయించుకుంటాను. ఆమేన్."

ఈసారి అందరికంటే ముందు ఆమేన్ అన్నది నేనే. నాన్న ఆమేన్ కిటికీ అద్దాలు అదిరేలా వచ్చింది. విల్లా పోయిందన్న బాధ అందులో ఎక్కడా లేదు. లీల ఆంటీ, నా మోకాలి సంగతి సగంలోనే వదిలేశారు అని గొణిగింది.

అమ్మ మాత్రం ఆమేన్ అనలేదు. నేను మెల్లగా ఒక కన్ను తెరిచి చూశాను. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. చేతులు కట్టుకునే ఉంది. చెంపల మీద తడి ఉంది.

"ఫేబీ," అంది అలాగే, "నరసాపురంలో మీ అమ్మకి ఫోన్ ఉందామ్మా?"

"పక్కింట్లో ఉందండీ, ఆంటీ," అంది ఫేబీ.

"ఆ నంబరివ్వు. పొద్దున వాడు తన ఫోన్ చేసుకున్నాక నేను చేస్తాను," అని, అప్పుడు అంది అమ్మ ఆమేన్.