శుక్రవారం నవ్వు

“ఇంకో జాకెట్ తొడుగు బిడ్డా! గీ ఒక్కదానితోని బొక్కలు కనవడుతున్నయి!”

అత్త మల్లక్క మాటకు సంగీత చేతులు ఆగిపోయాయి. ఒక జాకెట్ మీద ఇంకో జాకెట్ తొడిగి, పైన గంజి పెట్టిన చీర చుడితే తప్ప ఎముకలు తేలిన ఆ మనిషి మనిషిలా కనపడటం లేదు! కడుపులో గడ్డ ఉందని, చెయ్యి దాటిపోతోందని, కొడుకును పిలిపించుకోమని జగిత్యాల డాక్టరు చెప్పి నెల దాటింది... ఆ కొడుకు, తన భర్త వినోద్, మస్కట్‌లో ఉన్నాడు. అతనికి ఒక్క ముక్క కూడా తెలియదు!

“ఇయ్యాలన్న చెప్తనే అత్తమ్మా... నాతోని అయితలేదు!” సంగీత బావురుమంది.

“నా మీద ఒట్టు! అప్పుడు మీ మామకు పానం బాగలేదంటే నా కొడుకు పని ఇడిసిపెట్టి ఉరికచ్చిండు. ఆయన దక్కలే, పని దక్కలే. మళ్ల వీసా దొరికేదాక ఎంత గోస పడ్డం! పరదేశంల ఉన్నోనికి చెడ్డ మాట చెప్పద్దు. నవ్వుకుంట కనవడాలె, గంతే!”

ఇది ఆ ఒక్క ఇంటి నియమం కాదు. శుక్రవారం గల్ఫ్‌లో సెలవు కదా, కోరుట్లలో సతీశ్ నడిపే నెట్ సెంటర్ నిండా ఆడవాళ్ళే! గుమ్మం పక్కన అద్దమూ పౌడరు డబ్బా అతనే పెట్టించాడు. అత్తతో పడక పుట్టింటికి చేరినామె, బిడ్డను జ్వరంతో పడుకోబెట్టి వచ్చినామె, అందరూ పౌడరు అద్దుకుని, పక్కామె కమ్మలు అడిగి పెట్టుకుని, కంప్యూటర్ ముందు నవ్వేవాళ్ళే! ఏం మనుషులమమ్మా మనం! వారమంతా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసి, దొరికిన ఆ కాస్త సేపును వేషాలకే ధారపోసుకుంటామే!

ఆ రోజు సకల జనుల సమ్మెతో బస్సులు లేవు. షేర్ ఆటో రాస్తారోకో దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి మల్లక్క కడుపు పట్టుకుని, కోడలి భుజం మీద వాలి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. గుమ్మం దగ్గర మాత్రం కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది.

తెర మీద వినోద్ ఎప్పటిలాగే గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. “అవ్వా! మంచిగ నిండుగయినవే! సంగీత బాగనే తినవెడుతున్నట్టుంది!”

సంగీత తల ఎత్తలేకపోయింది.

“నాకేమైంది కొడుకా... గుండ్రాయి లెక్కున్న!”

“మరి తెలంగాణ అచ్చేటట్టుందా?”

“అస్తది! అచ్చినంక ఈడనే పని దొరుకుతదట. నువ్వు గూడ అస్తవు...” అంటూనే మల్లక్క నవ్వు చెదిరిపోయింది. చేత్తో తెర మీది కొడుకు చెంపను తడిమింది. “కొడుకా... ఒక్కసారి...”

కరెంటు పోయింది! బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉన్నాయి, ఇక ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? సంగీత గబగబా ఫోన్ తీసింది. మల్లక్క ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. “వద్దు బిడ్డా... నోరు జారిన. దేవుడే ఆపిండు.”

మళ్ళీ శుక్రవారం రాకముందే ఆమె కన్నుమూసింది. కబురు తెలిసి వినోద్ ఎంత బతిమాలినా కంపెనీవాళ్ళు సెలవు ఇవ్వలేదు. కొడుకు పిడికెడు మట్టి వేయకుండానే ఆ తల్లి సమాధి పూడిపోయింది. శుక్రవారం కోసమని ఉతికిన రెండు జాకెట్లు దండెం మీద ఆరుతూనే ఉన్నాయి...

ఆ శుక్రవారం సంగీత నెట్ సెంటర్‌లో అద్దం వైపు చూడకుండా వెళ్ళి కూర్చుంది. తెర మీద భర్త కనపడగానే పాపిష్టి అలవాటు, పెదవులు వాటంతట అవే నవ్వబోయాయి!

“ఎందుకు చెప్పలే సంగీతా? నిండుగయిందనుకున్న గదనే!”

“జాకెట్ మీద జాకెట్ తొడిగిన... ఈ చేతులతోనే తొడిగిన! ఒట్టు పెట్టిందని నోరు మూసుకున్న... నన్ను ఏమన్న అను, పడుత!”

వినోద్ మెల్లగా ఎడమ చెయ్యి పైకెత్తాడు. ఇన్ని వారాలుగా కెమెరాకు అందకుండా దాచిన చెయ్యి... అరచేతి నిండా కట్టు. రెండు వేళ్ళు లేవు!

“అయ్యో దేవుడా! ఎప్పుడైంది?”

“మిషన్ల పడ్డది... అప్పుడు ఇంటికి పంపుతమన్నరు సంగీతా. టికెట్ గూడ ఇస్తమన్నరు. గీ చెయ్యి సూస్తే అవ్వ తట్టుకోదని... నేనే రానన్న!”

వచ్చి ఉంటే... తల్లిని కళ్ళారా చూసుకునేవాడు! కొడుకు ఒళ్ళో ఆమె పానం పోయేది! ఇటు దాచారు, అటు దాచాడు. ఇక ఎవరిని తిట్టుకుని ఏం లాభం?

ఇద్దరూ తెరకు అటొకరు ఇటొకరు వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ తెర మీద ఒకరి కన్నీళ్ళు ఒకరు చూడటం వాళ్ళకు అదే మొదలు. పక్క గదిలో ఎవరో ఆడమనిషి గట్టిగా నవ్వుతూనే ఉంది.

“అచ్చే శుక్రవారం గూడ గిట్లనే రా,” అన్నాడు వినోద్ ముఖం తుడుచుకుంటూ. “పౌడర్ వెట్టుకోకు.”

“నువ్వు గూడ గా చెయ్యి దాసకు,” అంది సంగీత.