సాక్షి లేని ఇడియమ్ చెల్లదు

మా స్పోకెన్ ఇంగ్లీష్ టీచర్‌కి ఒక పిచ్చి ఉంది. క్లాసులో ఎవరు ఇడియమ్ వాడినా, అది నిజమేనని ఒక సాక్షి చెప్పాలి. లేకపోతే చెల్లదు.

మొదటిరోజే నాకూ ఆమెకూ చెడింది. "నేను ఫ్రిజ్ మెకానిక్‌ని. ఇంగ్లీషు నాకు పీస్ ఆఫ్ కేక్" అన్నాను. అంటే మంచినీళ్లు తాగినంత తేలికని.

"సాక్షి?" అంది.

ఎవరూ చెయ్యెత్తలేదు.

"అయితే కూర్చోండి."

ఒళ్లు మండింది. కానీ బోర్డు వైపు తిరిగి ఆమె నవ్వాపుకోవడం కనిపించింది. అంతే, నా పని అయిపోయింది.

అది క్లాసు కాదు, కోర్టు. మాతో చదివే బార్బర్ అన్న "ఐయామ్ అండర్ ది వెదర్" అన్నాడు, ఒంట్లో బాగాలేదని. నర్సక్క లేచి నోట్లో థర్మామీటర్ పెట్టింది. జ్వరం లేదు, ఇడియమ్ చెల్లలేదు. ఆవిడ మాత్రం తక్కువ తిందా? తన భర్త వంట చేసేది "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అని, అంటే ఎప్పుడో గానీ చెయ్యడని చెప్పించడానికి ఆయన్నే లాక్కొచ్చింది. పాపం, తలవంచుకుని ఒప్పుకున్నాడు.

ఇంతలో టీచర్‌కి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. ఆ రోజే ఆఖరి క్లాసు. బయట వాన. విడిగా మాట్లాడదామంటే, కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చిన టీచర్ నాన్నగారు వెనక బెంచీలో గొడుగుతో సహా కూర్చున్నారు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఈ జన్మకి చెప్పలేను.

లేచాను.

"ఐ హ్యావ్ కోల్డ్ ఫీట్" అన్నాను. తీరా సమయానికి ధైర్యం చాలడం లేదని.

నర్సక్క నా చెయ్యి పట్టుకు చూసింది. "నేను సాక్షి. నాడి పరుగులు పెడుతోంది."

"చెల్లుతుంది. దేనికంత భయం?" అంది టీచర్.

"ఐయామ్ హెడ్ ఓవర్ హీల్స్." పీకల్లోతు ప్రేమలో ఉన్నానని.

బార్బర్ అన్న చెయ్యెత్తాడు. "నేను సాక్షి. క్లాసున్న ప్రతిరోజూ వచ్చి గడ్డం గియ్యమంటాడు. ఇవాళ గియ్యడానికి గడ్డమే లేదు. ఉత్త నురగ పూసి పంపాను."

"ఎవరి మీద ప్రేమ?" అడిగింది టీచర్.

"మీ మీదే." దీనికి ఇడియమ్ దొరకలేదు.

"ది ఫీలింగ్ ఈజ్ మ్యూచువల్" అంది ఆమె నేల చూస్తూ. నాకూ అంతే అని.

నా ఆనందం మూణ్ణాళ్ల ముచ్చట కూడా కాలేదు. బార్బర్ అన్నకి థర్మామీటర్ కోపం ఇంకా తీరలేదు. "రూల్ అందరికీ ఒకటే టీచర్. సాక్షి ఎవరు?"

ఎవరూ చెయ్యెత్తలేదు. ఆమె మొహం వాడిపోయింది.

వెనక బెంచీలోంచి గొడుగు పైకి లేచింది.

"నేను సాక్షి" అన్నారు నాన్నగారు. "మా అమ్మాయి నిక్షేపంలాంటి ఫ్రిజ్‌కి ప్లగ్ పీకేసి, చెడిపోయిందని ఇతనికి ఫోన్ చేస్తుంది. విరిగిన పాలతో నేను చస్తున్నాను. ఇతనేమో వచ్చి ప్లగ్ పెట్టి, 'కాస్త చూసుకోండి సార్' అని నాకు నీతులు చెప్పి పోతాడు. ఏం బాబూ, అన్నిసార్లు వచ్చినా అర్థం కాలేదా?"

"ప్లగ్ వదులైందేమో అనుకున్నానండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఈ తెలివికి నా కూతుర్నివ్వాలి. సరే, అమ్మాయి వెళ్లే ఊళ్లో కూడా ఫ్రిజ్‌లుంటాయి. నువ్వూ సామాను సర్దుకో. ఇక నుంచైనా నేను మంచి పాలు తాగుతాను."