పుల్ల మలుపు

కొండ దిగే రోడ్డులో, రాతిగోడ పక్కన, ఒక మలుపుంది. పగలు చూస్తే మామూలు మలుపే. చీకటి పడ్డాక మాత్రం లారీ డ్రైవర్లు అక్కడ హారన్ కొట్టరు. కొడితే పక్కసీట్లో ఎవరో సర్దుకుని కూర్చున్న చప్పుడవుతుందట... నవ్వకండి, నాకు చెప్పినవాడు తాగి చెప్పలేదు.

దానికి పుల్ల మలుపని పేరు. పుల్ల అంటే ఏ చెట్టు పుల్లో కాదు, మనిషి. పందెం కార్లు తోలేవాడు. బక్కపలచని ఒళ్లు. గాలి వస్తే పట్టుకోండర్రా అని సొంత అక్కే ఆటపట్టించేది. ఆ అక్క మొగుడు కార్ల మెకానిక్. అతన్ని అందరూ డ్రమ్ము అనేవాళ్లు. షెడ్డులోకి ముందు పొట్ట వచ్చేది, ఆ తర్వాత అతను వచ్చేవాడు.

డ్రమ్ము చేతిలో విద్య ఉంది, కాదనను. ఏ స్ప్రింగు ఎంత బిగిస్తే బండి మలుపులో నేలని కరుచుకుంటుందో అతనికి చెవితోనే తెలిసేది. నోరు మాత్రం మహా చెడ్డది. బావమరిది ఏదైనా అంటే నలుగురి ముందూ నవ్వేవాడు. "బండి బాగానే ఉందిరా, నీ గుండే వదులైంది. దానికి బిగించే నట్టు నా దగ్గర లేదు."

పందెం కారుకి ఆఖరి పని తూకం. చక్రానికొకటి చొప్పున తూకం పలకలు పెట్టి, వాటి మీదికి బండి ఎక్కించి, తోలేవాణ్ణి సీట్లో కూర్చోబెట్టాలి. ఏ మూల ఎంత బరువు పడుతోందో చూస్తూ స్ప్రింగులు సరిచెయ్యాలి. సీట్లో మనిషి మారితే మొత్తం మారిపోతుంది. కిందటేడు ఆ పని చేసేటప్పుడు పుల్లకి కబురు పెట్టడానికి డ్రమ్ముకి బద్ధకం వేసింది. తనే ఎక్కి కూర్చున్నాడు.

డ్రమ్ము బరువుకి సరిపోయిన బండిని పుల్ల తోలాడు.

పాపం, అడిగాడు కూడా. "బావా, ఆ రాతిగోడ మలుపులో బండి తోక జారుతోంది. ఒక్కసారి చూడవా?" డ్రమ్ము చూడలేదు, నవ్వాడు. ఆ సాయంత్రమే బండి తోక తిరిగింది... రాతిగోడ... అంతే.

శవం ఇంటికి రాకముందే డ్రమ్ము కారణం చెప్పేశాడు. "భయపడి మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. బండిదేం తప్పు లేదు."

అందరూ నమ్మారు. డ్రమ్ము భార్య, అదే పుల్ల అక్క, ఒక్కతే నమ్మలేదు. అలాగని ఒక్క మాటా అనలేదు. కంచం పెట్టేది, మంచినీళ్లు పెట్టేది, మొహం మాత్రం చూసేది కాదు. ఏడాదిగా ఆ ఇంట్లో గిన్నెల చప్పుడే గాని మనుషుల మాట లేదు. అది డ్రమ్ముని లోపల్లోపలే తినేసింది. తప్పు నా తమ్ముడిదే అని ఆమె చేత ఒక్కసారి అనిపించాలి. అతనికి కావలసింది అంతే. తన తప్పు ఒప్పుకుంటే పోయేదిగా అంటారేమో... ఒప్పుకునే మనిషైతే ఈ కథెందుకు?

నుజ్జయిన బండిని మళ్లీ నిలబెట్టాడు. స్ప్రింగులు అప్పుడెలా పెట్టాడో అలాగే పెట్టాడు. ఒక రాత్రి భోజనం మధ్యలో లేచి అన్నాడు.

"అదే బండి, అవే స్ప్రింగులు, అదే మలుపు. వెళ్లి తిరిగొస్తా. వస్తే నీ తమ్ముడు పిరికివాడని ఒప్పుకుంటావా?"

ఆమె కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

రోడ్డు ఖాళీ. మలుపు వచ్చింది. డ్రమ్ము నొక్కిన కాలు నొక్కినట్టే ఉంచాడు. బండి నేలకి అతుక్కుని తిరిగింది. తిరక్కేం? అతని కొలతకి కుట్టిన చొక్కా అది.

"చూశావురా, పిరికివెధవా!" అని రాతిగోడ కేసి అరిచాడు. చాలదన్నట్టు హారన్ కొట్టాడు.

అక్కడితో ఇంటికెళ్లినా బాగుండేది. గెలుపు రుచి మరిగినవాడు ఒక్కసారితో ఊరుకుంటాడా? బండి తిప్పుకుని పైకెళ్లి, మళ్లీ దిగాడు.

ఈసారి మలుపు ఇంకా రాకముందే... పక్కసీటు కిర్రుమంది.

చూడకూడదనుకున్నాడు. చూడలేదు. చెవి పక్కనే — చల్లగా, మెల్లగా —

"బావా... కాస్త జరుగు..."

పొట్ట మీద బిగుసుకుని ఉండే బెల్టు వదులై ఒళ్లోకి జారింది. సీటు ఉన్నట్టుండి పెద్దదైపోయింది. వెనక చక్రం ఒకటి నేల వదులుతున్నట్టు వెన్నులో తెలిసింది. తోక కదిలింది... ఇంకాస్త కదిలింది...

కాలు తీసేశాడు.

బండి గిర్రున తిరిగి, రాతిగోడకి బెత్తెడు దూరంలో ఆగింది. ఎవరో కావాలని అక్కడికి తెచ్చి ఆపినట్టు ఆగింది. పక్కసీటు ఖాళీగా ఉంది.

షెడ్డుకి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. మెకానిక్ బుద్ధి ఎక్కడికి పోతుంది, దెయ్యమైనా సరే తూకం వేసి చూడాల్సిందే. బండిని పలకల మీదికి ఎక్కించాడు. తూకం చూపించే డబ్బాని ఒళ్లో పెట్టుకుని సీట్లోనే కూర్చున్నాడు. తను కూర్చున్న మూల తేలిపోతోంది. దిగి, మళ్లీ ఎక్కాడు. మనిషి ఎక్కిన బరువు పెరిగింది గాని, అది డ్రమ్ము బరువు కాదు... అందులో సగం కూడా లేదు. ప్యాంటు జారిపోతుంటే చేత్తో పట్టుకున్నాడు. ఆ చేతికి సన్నటి, పొడుగాటి వేళ్లున్నాయి.

అప్పుడేడ్చాడు. బావమరిది పోయాక అదే మొదటిసారి.

"తూకంలో నేనే కూర్చున్నానురా... తప్పు నాదేరా..."

ఖాళీ షెడ్డుకి చెప్పి ఏం లాభం? ఆమెకి చెప్పాలి. తిట్టనీ, కొట్టనీ, ఇంట్లోంచి గెంటెయ్యనీ, ఈ రాత్రే చెప్పెయ్యాలి. ఇంటికి పరిగెత్తాడు. అడుగు తీసి అడుగు వేస్తే ఆయాసపడే మనిషి, రొప్పు కూడా లేకుండా పరిగెత్తాడు.

తలుపు ఆమే తీసింది. ఏడాది తర్వాత మొదటిసారి అతని మొహంలోకి చూసింది. చూసి... నవ్వింది.

"వచ్చావురా తమ్ముడూ! ఎంతసేపు ఎదురుచూడాలిరా నీకోసం... రా, కూర్చో. మీ బావేడి?"

నేను తమ్ముణ్ణి కాదు, నీ మొగుణ్ణే, తప్పంతా నాదే అని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఇంకెవరి గొంతో వచ్చింది, నింపాదిగా.

"బావని మలుపులో దించేసి వచ్చానక్కా."