బోణీ బుట్ట

ఫిబ్రవరి 13, గురువారం. ఆ తేదీ సీఐ చంద్రకాంత్‌కు బాగా గుర్తు. ఆ పొద్దున ఆయన తిన్నది రాత్రి మిగిలిన జొన్నరొట్టె, చింతకాయ తొక్కు. రెండో రొట్టె తుంచకముందే ఫోన్ మోగింది.

7:10కి ఆయన పటాన్‌చెరు శివారులోని బుట్టల కంపెనీలో ఉన్నాడు.

ఆఫ్రికాలోని ఘనా నుంచి చేతి అల్లిక గడ్డిబుట్టలు అక్కడికి కంటైనర్లలో వస్తాయి. చోటు కలిసిరావాలని వాటిని అణిచి, రొట్టెల్లా పేర్చి పంపుతారు. ఇక్కడి ఆడవాళ్లు వాటిని నీళ్లలో ముంచి, చేత్తో గుండ్రంగా సాగదీసి, నీడలో ఆరబెడతారు. తర్వాత అవి నగరంలో పెద్దిళ్ల గోడలకెక్కుతాయి. ప్రతి బుట్టకూ ఒక చీటీ. దాని మీద అల్లినామె పేరు. కింద ఒక మాట: 'అల్లిన చేతులకు న్యాయమైన కూలి, క్షేమమైన చోటు.'

స్టోర్ రూమ్‌లో నర్సింహమ్మ శవం. ముప్పై ఎనిమిదేళ్లు. ఆ షెడ్డులో కూలి. పక్కన ఖాళీ ట్యూబ్. కంటైనర్‌లో పురుగు చావడానికి పెట్టే విషం గోళీలవి. గాలి తగిలితే గ్యాస్ వదులుతాయి.

షెడ్డులోంచి బయటికొస్తూ చంద్రకాంత్ వాకిట్లో మేకుకు వేలాడుతున్న బుట్టకు తగిలాడు. చేతికి తడి అంటింది. ప్యాంటుకు తుడుచుకున్నాడు.

మరిచిపోయాడు.

మేనేజర్ శివకుమార్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రాత్రి ఈమె ఇక్కడెందుకుంది?"

"మొగనితోని లొల్లి సార్. ఇంటికి పోనని ఏడ్సింది. పండుకొమ్మన్న. గిట్ల చేస్తదనుకోలే."

"గోళీలు ఎట్ల దొరికినయ్?"

"సోమవారం కంటైనర్‌కు గ్యాస్ పెట్టిన్రు. మిగిలిన ట్యూబ్ దాసుకున్నదేమో."

"కంటైనర్ తెరిసిన్రా?"

"ఏడికెల్లి సార్! ఇయ్యాల సాయంత్రం అయిదు దాక తెరవొద్దని బోర్డుంది. సీల్ సూడుండ్రి."

సీల్ చెక్కుచెదరలేదు.

భర్త మొగులయ్య బొల్లారం ఫ్యాక్టరీలో హమాలీ. స్టేషన్‌లో నేల మీద కూలబడ్డాడు.

"నిన్న పొద్దుగాల కొట్లాడిన సార్. ఇగ ఇంటికి రాకు అన్న. రాలే. తల్లిగారింటికి పోయిందనుకున్న. నేనే సంపిన సార్. నేనే."

ఆ మాట మీదే కేసు నడిచింది. ఆత్మహత్యకు పురికొల్పాడని శుక్రవారం రిమాండ్. కాగితం మీద సంతకం చంద్రకాంత్‌ది. ఫోరెన్సిక్ రిపోర్టుకు నెలలు పడుతుంది.

శనివారం 11:30. నర్సింహమ్మ కూతురు నిషిత స్టేషన్‌కు వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం. చేతిలో తండ్రికి తెచ్చిన టిఫిన్ డబ్బా. ఆయన్ను జైలుకు పంపారని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

చంద్రకాంత్ కుర్చీ జరిపాడు. ఫ్యాన్ కూడా ఆమె వైపు తిప్పాడు. అంతకుమించి చేయడానికేమీ కనిపించలేదు.

"ఒక్కటి చెప్పుండ్రి సార్. మా అమ్మ కావాల్నని సచ్చిందా? నేను కనవడలేదా ఆమెకు?"

ఆ పిల్ల డబ్బాను బల్ల మీద పెట్టింది.

"బుధవారం నాయినతోని కొట్లాట అయినా పనికి ఎంత ఖుషీగ పోయిందో! ఇయ్యాల కొత్త లోడ్ విప్పుతరంట, నాదే బోణీ అన్నది."

"బోణీ ఏంది బిడ్డా?"

"ప్రతి లోడ్‌ల మొదటి బుట్ట అమ్మనే తీస్తది. తడిపి, గుండ్రం చేసి, పసుపు బొట్టు పెట్టి వాకిట్ల మేకుకేస్తది. పాతది తీసేస్తది. మళ్ల లోడ్ వచ్చేదాక అది అట్లనే ఉంటది."

చంద్రకాంత్ తన అరచేతి వైపు చూసుకున్నాడు.

తడి!

మధ్యాహ్నం 3:00. షెడ్డులో శివకుమార్, నర్సింహమ్మతో పనిచేసే హాజిరా, మరో నలుగురు ఆడవాళ్లు. గుమ్మం దగ్గర నిషిత. బుట్ట ఇంకా మేకుకే ఉంది. ఎవరి కంటా పడలేదు. ఎప్పుడూ అక్కడే ఉంటుంది కాబట్టి.

"ఇది ఏ లోడ్‌ది?"

"పాతది సార్. రెండు నెలలాయె."

"రెండు నెలల బుట్ట గురువారం పొద్దున తడిగ ఎట్లుంది?"

శివకుమార్ నవ్వబోయాడు. "ఎవరన్న నీళ్లు చల్లిన్రేమో..."

చంద్రకాంత్ చీటీ తిప్పాడు. "అయింపోక. అల్లినామె పేరు. నిన్న నువ్వు ఘనాకు పెట్టిన మెయిల్ ఇప్పుడే మీ ఆఫీసుల సూసిన. ఈ లోడ్‌ల అయింపోక బుట్టలు పన్నెండుకు పదకొండే వచ్చినయని. పన్నెండోది ఇదిగో."

ఆయన బుట్టను మేకు నుంచి తీశాడు.

"కంటైనర్ గురువారం దాక తెరవకపోతే ఇది బయటికెట్ల వచ్చింది? బుధవారమే తెరిపించినవ్. ఆమె పడిపోయినంక కట్టలన్నీ మళ్ల లోపల పెట్టించినవ్. సీల్ కొత్తదేసినవ్. ఆమె పక్కన ఖాళీ ట్యూబ్ పెట్టినవ్. మేకు మాత్రం మరిసినవ్."

శివకుమార్ పెదవులు తడుపుకున్నాడు. "హోటలోళ్ల ఆర్డర్ సార్... ఒక్కరోజుల ఏమైతదనుకున్న. మా ఓనర్ పెద్దసారుకు ఫోన్ చేస్తే దవాఖాన వద్దన్నడు. మజ్జిగ తాపిన. ఆరింటికి పండుకున్నదని తలుపేసిన."

ఊపిరాడని మనిషిని లోపలుంచి.

హాజిరా ఒక్కసారిగా కొంగు నోట్లో కుక్కుకుంది. "నేను గూడ కంటైనర్‌ల ఉన్న సాబ్. కండ్లు తిరిగినయ్. 'నువ్వు పో హాజిరా, నేను కట్టలు దించుతా' అని నన్ను బయటికి నూకింది. నూకకపోతే నేను గూడ..."

"ఇది రాసిస్తవా అమ్మా?"

ఆమె ఆయన చాపిన పెన్ను వైపు చూసింది. శివకుమార్ వైపు చూసింది.

"ముగ్గురు పిల్లలు సాబ్. పనిల కెల్లి తీసేస్తరు. మాఫ్ చెయ్యుండ్రి."

చంద్రకాంత్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. ఆమెను కోప్పడలేదు.

జీపెక్కుతూ శివకుమార్ మెల్లగా అన్నాడు. "నేను పోత సార్ లోపలికి. పెద్దసారు మాత్రం రాడు. కంపెనీ రిజిస్టర్‌ల నర్సింహమ్మ పేరే లేదు."

నిజమే. తిరగేస్తే ఎక్కడా లేదు. సముద్రం అవతల అల్లినామె పేరుకు చీటీ ఉంది. ఇక్కడ తడిపి నిలబెట్టినామె పేరు ఏ కాగితం మీదా లేదు.

సాయంత్రం 6:40. స్టేషన్. మొగులయ్య విడుదలకు అర్జీ తయారైంది. కోర్టు సోమవారమే. ఆదివారమంతా ఆయన తనే చంపానని అనుకుంటూ కూర్చుంటాడు.

నిషిత బెంచీ మీద ఉంది. చంద్రకాంత్ బుట్టను సాక్ష్యంగా సీల్ చేయకముందే ఆమె ఒళ్లో పెట్టాడు. అంచున పసుపు బొట్టు ఎండి పొడి రాలుతోంది. ఆ పిల్ల బొట్టును ముట్టుకోలేదు. వేలు దగ్గరగా పెట్టి ఆపింది.

"మా అమ్మ కావాల్నని పోలే గదా సార్?"

"లేదు బిడ్డా. మళ్ల ఇంటికి రావాల్ననే ఆ పొద్దున పోయింది."

నిషిత తల ఊపింది. బుట్ట తిరిగిచ్చింది. టిఫిన్ డబ్బా తీసుకుని ఇంటికి పోయే ఇస్మాయిల్‌ఖాన్‌పేట ఆటో కోసం రోడ్డు వైపు నడిచింది.

చంద్రకాంత్ బుట్టను కేసు వస్తువుల గదిలో, తాళాల కట్టలకూ సారా సీసాలకూ దూరంగా, పై అరలో పెట్టాడు. లైటు తీశాడు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.